ముందు మీ కిలోమీటర్లు లెక్కపెట్టండి: చవక చిన్న కారా, హైబ్రిడ్డా, ఎలక్ట్రిక్కా?

కారు కొనాలనుకునేవాళ్లు నన్ను అడిగే మాట ఒకటే. "చిన్న పెట్రోల్ కారుతో సరిపెట్టుకోమంటారా, కాస్త ఎక్కువైనా హైబ్రిడ్‌కో ఎలక్ట్రిక్‌కో వెళ్లమంటారా?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?" చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఏ కారు లీటరుకి ఎంత ఇస్తుందో చెప్పగలరు, ఈఎంఐ ఎంత పడుతుందో వేళ్ల మీద చెబుతారు. తాము ఏడాదికి ఎంత దూరం తిరుగుతున్నారో మాత్రం తెలియదు. అసలు జవాబంతా ఆ ఒక్క అంకెలోనే ఉంది.

కారు ధర మొదటి రోజే కడతాం. పెట్రోల్ ఇంజిన్‌కి తోడు బ్యాటరీ, మోటారు ఉండే హైబ్రిడ్ అయినా, ఎలక్ట్రిక్ అయినా మిగిల్చేది కిలోమీటరుకి ఇంత అని మిగులుస్తుంది. కారు ఇంటి ముందు నిలబడి ఉన్న రోజున మిగిలేది ఏమీ ఉండదు. ఎక్కువ తిరిగేవాళ్లకి ఖరీదైన కారు చవక అవుతుంది, తక్కువ తిరిగేవాళ్లకి చవక కారే చవక. ఇది తెలిసి కూడా షోరూంలో మర్చిపోతాం, ఎందుకంటే అక్కడ మనకి చూపించేది మైలేజీ ఒక్కటే.

తేడాని డబ్బులో కాదు, లీటర్లలో కొలవండి

నేను చేసే లెక్క చాలా తేలిక. రెండు కార్లు రోడ్డెక్కేసరికి అయ్యే ధరలు రాసుకోండి. రాయితీలుంటే తీసేయండి, పన్నులుంటే కలపండి. ఆ తేడాని మీ దగ్గర లీటరు పెట్రోల్ ధరతో భాగించండి. వచ్చేది లీటర్లు. ఖరీదైన కారు తన తేడాని తిరిగి రాబట్టాలంటే అన్ని లీటర్ల పెట్రోల్ మిగల్చాలి. ఈ లెక్క ఏ దేశంలోనైనా పనిచేస్తుంది, పెట్రోల్ ధర మారినా మళ్లీ వేసుకోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు నమూనా కోసమే, మీవి మీరు పెట్టుకోండి. చవక చిన్న కారుకీ, ఓ మాదిరి హైబ్రిడ్‌కీ మధ్య తేడా 5,000 లీటర్ల పెట్రోల్ విలువ అనుకుందాం. ట్రాఫిక్‌లో చిన్న కారు లీటరుకి 14 కిలోమీటర్లు ఇస్తే 100 కిలోమీటర్లకి 7.1 లీటర్లు తాగుతుంది. హైబ్రిడ్ 23 ఇస్తే 4.3 లీటర్లు. మిగిలింది 100 కిలోమీటర్లకి 2.8 లీటర్లు. 5,000 లీటర్లు మిగలాలంటే దాదాపు 1,78,000 కిలోమీటర్లు తిరగాలి. నెలకి 700 కిలోమీటర్లు తిరిగే మనిషికి అది ఇరవయ్యేళ్ల పైమాట. అన్నాళ్లు కారు ఉంచుకోరు, ఉంచుకున్నా ఆలోపు దాని బ్యాటరీకి ఒకసారి ఖర్చు తగలొచ్చు.

ఇదే హైబ్రిడ్‌ని అదే సైజు పెట్రోల్ కారుతో పోల్చి చూడండి. తేడా 1,500 లీటర్ల విలువ అనుకుందాం. పెద్ద పెట్రోల్ కారు ట్రాఫిక్‌లో లీటరుకి 12 ఇస్తే 100 కిలోమీటర్లకి 8.3 లీటర్లు. మిగిలేది 4 లీటర్లు. 37,500 కిలోమీటర్లకే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. హైబ్రిడ్ ఓడించేది పెద్ద పెట్రోల్ కారుని. చిన్న కారుని ఓడించడం దానికి చాలా కష్టం. ప్రకటనల్లో హైబ్రిడ్ పక్కన నిలబెట్టేది ఎప్పుడూ పెద్ద కారునే, మనం మనసులో పోల్చుకునేది చిన్న కారుతో. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

అప్పు చేసి కొంటే ఇంకో మాట కూడా ఉంది. తేడా డబ్బు మీద వడ్డీ పడుతుంది. 3,000 లీటర్ల తేడా అనుకున్నది కిస్తీలు తీరేసరికి 3,500 దాటిపోవడం మామూలే. లెక్కలో దాన్ని కూడా కలపండి.

లీటరుకి ఎంత అన్న అంకె చేసే మోసం

లీటరుకి ఇన్ని కిలోమీటర్లు అన్న కొలత కళ్లకి సరిగానే కనిపిస్తుంది, మనసుని మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. లీటరుకి 10 ఇచ్చే కారు నుంచి 15 ఇచ్చే కారుకి మారితే వెయ్యి కిలోమీటర్లకి 33 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చేదాని నుంచి 28 ఇచ్చేదానికి మారితే మిగిలేది 14 లీటర్లే. మొదటిది 5 పెరిగింది, రెండోది 8 పెరిగింది. లాభం మాత్రం మొదటిదాన్లోనే రెట్టింపు పైన. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో 'సైన్స్' పత్రికలో దీన్నే వివరించారు. వాళ్ల దగ్గర మైలూ గ్యాలనూ, మన దగ్గర కిలోమీటరూ లీటరూ, పొరపాటు మాత్రం ఒకటే.

అందుకే ఇప్పటికే చిన్న కారు నడుపుతూ తక్కువ పెట్రోల్ తాగేవాళ్లకి ఏ కొత్త టెక్నాలజీ వచ్చినా మిగిలేది కొంచెమే. మిగల్చడానికి అక్కడ ఉన్నదే కొంచెం.

హైబ్రిడ్ ఎక్కడ మెరుస్తుంది, ఎక్కడ మామూలు కారైపోతుంది

టయోటా ప్రియస్ 1997 డిసెంబర్‌లో జపాన్‌లో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. అప్పటినుంచీ హైబ్రిడ్ చేసే పని ఒకటే. బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో శక్తి వేడిగా గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో మోటారు అప్పటికప్పుడు జనరేటర్‌గా మారి ఆ శక్తిలో కొంత బ్యాటరీకి పంపుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. మెల్లగా పాకే ట్రాఫిక్‌లో మోటారే లాగుతుంది. ఇంజిన్‌ని దానికి అనువైన వేగంలోనే తిప్పుతారు. ఆగి ఆగి నడిచే దారిలో ఇవన్నీ కలిసొస్తాయి.

హైవే ఎక్కితే కథ మారుతుంది. బ్రేకు వేసేది తక్కువ కాబట్టి తిరిగి వచ్చే శక్తీ తక్కువే. అక్కడ మిగిలే లాభం మంచి ఇంజిన్ వల్లా, గాలిని చీల్చుకుపోయే ఆకారం వల్లా వచ్చేదే. వారానికోసారి దూరప్రయాణం చేసి మిగతా రోజులు కారు తీయనివాళ్లు హైబ్రిడ్ కోసం డబ్బు పోయడం నాకు నచ్చదు.

హైబ్రిడ్ గురించి మంచిమాట కూడా గట్టిగా చెప్పాలి. బ్యాటరీ పోతుందేమో అన్న టెన్షన్ చాలామందిని వెనక్కి లాగుతుంది. ఆ భయం అవసరమైనదానికంటే ఎక్కువ. టయోటా తరహా హైబ్రిడ్‌లో మామూలు కారులో ఉండే స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్, కాలితో తొక్కే క్లచ్ ఉండవు. పాడయ్యే వస్తువులే తగ్గాయి. బ్రేక్ ప్యాడ్లు కూడా చాలాకాలం వస్తాయి. ట్యాక్సీలుగా తిరిగిన ప్రియస్‌లు లక్షల కిలోమీటర్లు దాటడం అనేక దేశాల్లో చూశాం. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి వెనక సీటు పక్కనున్న జాలీలోంచి వెళ్తుంది. దాని ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. సర్వీసింగ్‌లో అడిగి శుభ్రం చేయించాలి. ఆ జాలీకి అడ్డంగా సంచులు పెట్టకూడదు.

పేర్లతో కూడా జాగ్రత్త. 'మైల్డ్ హైబ్రిడ్' అని ఒకటి అమ్ముతారు. అది మోటారు మీద కారుని నడపదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపడం, బయల్దేరేటప్పుడు చిన్న తోపు ఇవ్వడం, అంతవరకే. ధరలో పెద్ద తేడా లేకపోతే తీసుకోండి, హైబ్రిడ్ కొన్నాననుకుని మాత్రం తీసుకోకండి. ఇక ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఉంది. రోజూ ఛార్జ్ చేసేవాళ్లకి అది బంగారం. చేయనివాళ్లకి బరువైన పెట్రోల్ కారు. యూరప్‌లోని కార్ల మీద ఐసీసీటీ అనే రవాణా పరిశోధన సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం రోడ్డు మీద ఇవి తాగే ఇంధనం కాగితం మీది అంకె కంటే సొంత కార్లలో దాదాపు 3 రెట్లు, కంపెనీలు ఉద్యోగులకిచ్చే కార్లలో దాదాపు 5 రెట్లు ఉంది. కారులో లోపం ఏమీ లేదు. ప్లగ్ పెట్టే అలవాటు లేదు, అంతే.

ఎలక్ట్రిక్: కారు కంటే ముందు ప్లగ్ పాయింట్ చూసుకోండి

ఎలక్ట్రిక్ కారు విషయంలో నా సలహా కాస్త కఠినంగా ఉంటుంది. రాత్రి మీ కారు నిలిపే చోట మీ సొంత ప్లగ్ పాయింట్ లేకపోతే ఇప్పుడే వద్దు. ఉంటే మిగతా లెక్కలన్నీ మీవైపు తిరగడం మొదలవుతుంది.

ఎందుకో చెప్తాను. చిన్న ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకి, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుని, సుమారు 15 యూనిట్లు తీసుకుంటుంది. చిన్న పెట్రోల్ కారు మంచి రోడ్డు మీద 5 లీటర్లు తీసుకుంటుంది. అంటే ఎలక్ట్రిక్ కారు 3 యూనిట్లతో చేసే పని పెట్రోల్ కారు ఒక లీటరుతో చేస్తుంది. ఇప్పుడు మీ దగ్గర లీటరు పెట్రోల్ ధరకి ఎన్ని యూనిట్ల కరెంట్ వస్తుందో చూడండి. 3 యూనిట్లే వస్తే ఎలక్ట్రిక్ వల్ల ఇంధనంలో ఒక్క పైసా మిగలదు. 5 వస్తే 100 కిలోమీటర్లకి 2 లీటర్ల విలువ మిగులుతుంది. 10 వస్తే మూడున్నర లీటర్లు. కరెంట్ ఇంటి రేటుకీ, రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జర్ రేటుకీ మధ్య తేడా ఒక్కోచోట రెండు మూడు రెట్లుంటుంది. అదే కారు ఇంట్లో ఛార్జ్ చేసుకునేవాడికి లాభం, బయట ఛార్జ్ చేసుకునేవాడికి ఖర్చు. కారుని ఎంత పొగిడినా ఈ తేడాని దాచలేం.

చిన్న పెట్రోల్ కారుకీ చిన్న ఎలక్ట్రిక్ కారుకీ ధర తేడా 3,000 లీటర్ల విలువ అనుకుందాం. లీటరుకి 10 యూనిట్లు వచ్చే చోట 86,000 కిలోమీటర్ల దగ్గర తేడా తీరిపోతుంది. నెలకి 500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి అది 14 ఏళ్లు. 1,200 తిరిగేవాళ్లకి 6 ఏళ్లు. 2,500 తిరిగేవాళ్లకి మూడేళ్లు కూడా పట్టదు. కారు మారలేదు, కరెంట్ రేటు మారలేదు. మారింది మనిషి తిరిగే దూరం ఒక్కటే. అదే లీటరుకి 5 యూనిట్లే వచ్చే చోట 1,50,000 కిలోమీటర్లు తిరగాలి. ట్రాఫిక్‌లో ఎక్కువ నడిపితే పెట్రోల్ కారు తాగేది పెరుగుతుంది కాబట్టి ఈ దూరాలు తగ్గుతాయి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు లేకపోవడం వల్ల సర్వీసింగ్‌లో మిగిలేది కొంత కలుస్తుంది. టైర్లు మాత్రం బరువు వల్లా, మొదటి తోపు గట్టిగా ఉండటం వల్లా తొందరగా అరుగుతాయి.

ఇంట్లో ఛార్జింగ్ అంటే గోడకి పెద్ద యంత్రం బిగించాలనుకుంటారు. మామూలు 230 వోల్టుల, 10 ఆంపియర్ల సాకెట్ 2.3 కిలోవాట్లు ఇస్తుంది. రాత్రి 9 గంటలు పెడితే దాదాపు 20 యూనిట్లు ఎక్కుతాయి. చిన్న కారుకి అది 130 కిలోమీటర్ల పైనే. రోజూ అంతకంటే ఎక్కువ తిరిగేవాళ్లు ఎందరుంటారు? కాకపోతే ఆ సాకెట్‌నీ, లోపలి వైరింగ్‌నీ ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించాలి. గంటల తరబడి అంత లోడ్ లాగితే పాత వైరు వేడెక్కుతుంది. ఎర్తింగ్ సరిగా లేని చోట ఛార్జింగ్ పెట్టొద్దు.

దూరప్రయాణాల్లో ఇబ్బంది నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. వేగం 80 నుంచి 110కి పెంచితే గాలి నిరోధం దాదాపు రెట్టింపు అవుతుంది. కంపెనీ చెప్పిన దూరం అక్కడే కరిగిపోతుంది. బాగా చలి ఉన్న చోట హీటర్ వాడకం, చల్లబడిన బ్యాటరీ కలిసి ఇంకా తగ్గిస్తాయి. ఫాస్ట్ ఛార్జింగ్ 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది కాబట్టి దారిలో నిండా ఎక్కించుకోవాలని కూర్చుంటే సమయం వృథా. ఏడాదికి రెండు మూడుసార్లే దూరం వెళ్లేవాళ్లు ఆ రెండు మూడుసార్లూ అద్దె కారు తీసుకోవచ్చు. ఆ మూడు ప్రయాణాల కోసం పెద్ద బ్యాటరీ కొని మిగతా ఏడాదంతా ఆ బరువు మోయడం నష్టం.

బ్యాటరీ ఆయుష్షు విషయానికొస్తే, చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వరకు, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గదని వారంటీ ఇస్తున్నాయి. కొనేముందు ఆ కాగితంలో 70 శాతం అన్న మాట ఉందో లేదో చదవండి. బ్యాటరీ 'పాడైతే' మారుస్తాం అని మాత్రమే రాసి ఉంటే సామర్థ్యం తగ్గిన బ్యాటరీకి ఆ వారంటీ వర్తించకపోవచ్చు. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ప్రత్యేక ఏర్పాటు లేదు. అమెరికాలోని ఆరిజోనా లాంటి వేడి ప్రాంతాల్లో ఆ కార్ల బ్యాటరీలు తొందరగా బలహీనపడ్డాయి. ఫిర్యాదులు వచ్చాక కంపెనీ సామర్థ్యానికి కూడా వారంటీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన చాలా కార్లలో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. ఎండలు ఎక్కువగా ఉండే చోట నివసించేవాళ్లు ఎలక్ట్రిక్ కారు చూసేటప్పుడు ముందు అడగాల్సింది ఇదే.

చిన్న కారు పక్షాన, దాని లోపాలు దాచకుండా

నేను చిన్న కార్ల మనిషిని. పదకొండేళ్లుగా ఒకే చిన్న పెట్రోల్ కారు నడుపుతున్నాను, ట్యాంక్ నింపిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకుంటాను. అందుకే దాని బలం ఎక్కడో చెప్పగలను. బరువు తక్కువ. తక్కువ బరువుని కదిలించడానికి తక్కువ ఇంధనం చాలు, ఆపడానికి చిన్న బ్రేకులు చాలు, నిలబెట్టడానికి చిన్న టైర్లు చాలు. ఏ భాగం మార్చినా ఖర్చు చిన్నదే. 1999లో ఫోక్స్‌వ్యాగన్ లూపో 3ఎల్ అనే చిన్న డీజిల్ కారు తెచ్చింది. ఏ హైబ్రిడ్ మోటారూ లేకుండా 100 కిలోమీటర్లకి 3 లీటర్లతో నడిచేలా దాన్ని తయారుచేశారు. అదే ఏడాది వచ్చిన మొదటి హోండా ఇన్‌సైట్ హైబ్రిడ్డే, కానీ దాని రహస్యంలో సగం అల్యూమినియం శరీరం, రెండే సీట్లు. ఇంధనం మిగల్చడంలో బరువు తగ్గించడాన్ని మించిన విద్య లేదని ఆ రెండు కార్లూ చూపించాయి.

రీసేల్ విలువలో కూడా చిన్న కారుకి ఒక సుఖం ఉంది. ధర సగానికి పడిపోయినా, పోయేది చిన్న మొత్తంలో సగమే. ఎలక్ట్రిక్ కార్లలో టెక్నాలజీ ఇంకా వేగంగా మారుతోంది. 2010తో పోలిస్తే 2020 నాటికి లిథియం అయాన్ బ్యాటరీల ధర దాదాపు 90 శాతం తగ్గింది. కొత్త కారు కొనేవాళ్లకి అది శుభవార్త, పాతది అమ్మేవాళ్లకి నష్టం.

ఇక లోపాలు. చిన్న కారు వేరు, చవక కోసం కోతలు కోసిన కారు వేరు. ఈ రెండిటినీ కలిపేస్తే ప్రాణాల మీదకి వస్తుంది. 900 కిలోల కారు 1,800 కిలోల కారుని ఎదురెదురుగా ఢీకొంటే చిన్న కారులోవాళ్లకి తగిలే వేగపు కుదుపు రెట్టింపు ఉంటుంది. భౌతికశాస్త్రంతో బేరం ఆడలేం. కానీ మిగతాది మన చేతుల్లో ఉంది. 2014లో కార్లని గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ భారత మార్కెట్‌లో అమ్ముతున్న ఐదు చిన్న కార్లని ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్లలో పరీక్షిస్తే ఐదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. వాటిలో ఫోక్స్‌వ్యాగన్ పోలో ఒకటి. అదే పోలోని రెండు ఎయిర్‌బ్యాగులతో పరీక్షిస్తే ముందు సీట్లలో కూర్చునే పెద్దవాళ్ల భద్రతకి 4 స్టార్లు వచ్చాయి. సైజు అదే, బరువు దాదాపు అదే. మిగిల్చిన కాస్త డబ్బు ఎక్కడ మిగిల్చారన్నదే తేడా.

అందుకే చవక కారు కొంటున్నా, ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, జారకుండా పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్న మోడలే తీసుకోండి. వాటి కోసం టచ్ స్క్రీన్ వదులుకోవాల్సి వస్తే వదిలేయండి. క్రాష్ టెస్ట్ ఫలితం చూసేటప్పుడు పరీక్షించిన ఏడాది కూడా చూడండి, నియమాలు కఠినం అవుతూ వచ్చాయి. రోజూ లారీల మధ్య హైవే మీద నడిపే మనిషికి అన్నిటికంటే చిన్న కారు కొనమని నేను చెప్పను. అక్కడ లీటర్ల లెక్క పక్కన పెట్టి ఒక సైజు పైకి వెళ్లాల్సిందే.

పొగ లెక్క

పర్యావరణం కోసం ఎలక్ట్రిక్ కొంటానన్నవాళ్లంటే నాకు గౌరవం. వాళ్లకి పూర్తి లెక్క తెలియాలి. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చిన్న కారు 100 కిలోమీటర్లకి 5 లీటర్లంటే పదకొండున్నర కిలోలు. ముడి చమురు తీసి, శుద్ధి చేసి, మోసుకొచ్చేదాకా అయ్యేది దాని మీద అదనం. ఎలక్ట్రిక్ కారుకి పొగ గొట్టం లేదు, కరెంట్ తయారైన చోట మాత్రం ఉండొచ్చు. పూర్తిగా బొగ్గు కరెంట్ అయితే యూనిట్‌కి దాదాపు ఒక కిలో. 15 యూనిట్లకి 15 కిలోలు. చిన్న పెట్రోల్ కారుతో దాదాపు సమానం. గాలి, నీరు, సూర్యుడు, అణుశక్తి కలిసి ఆ అంకెని 0.4కి దించిన చోట 6 కిలోలే, అంటే సగం.

బ్యాటరీ తయారీ భారం కూడా ఉంది. స్వీడన్‌కి చెందిన ఐవీఎల్ పరిశోధన సంస్థ 2019లో ఒక కిలోవాట్ అవర్ (అంటే ఒక యూనిట్) బ్యాటరీకి 61 నుంచి 106 కిలోల వరకు కార్బన్ డయాక్సైడ్ అని లెక్కగట్టింది. 20 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ అయితే 1.2 నుంచి 2.1 టన్నులు. 80 కిలోవాట్ అవర్ల పెద్ద బ్యాటరీ అయితే దాదాపు 5 నుంచి 8.5 టన్నులు. చిన్న కారు వదిలేసి, పర్యావరణం పేరుతో రెండు టన్నుల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొని తక్కువ తిరిగితే ఆ భారం తీరేసరికే చాలా ఏళ్లు పడుతుంది. ఊరి మధ్యలో పిల్లలు పీల్చే గాలి మాత్రం ఎలక్ట్రిక్ వల్ల తప్పకుండా బాగుపడుతుంది. అది చిన్న విషయం కాదు, బడుల ముందు బారులు తీరిన కార్లని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

నాలుగో దారి

చిన్నదీ ఎలక్ట్రిక్కూ అయిన కారు. నా ఉద్దేశంలో రాబోయే రోజుల్లో అసలు జవాబు ఇదే, అది దొరికే చోట. చైనాలో 2020లో వచ్చిన వూలింగ్ హోంగ్‌గ్వాంగ్ మినీ ఈవీ మొదట్లో 9.3, 13.9 కిలోవాట్ అవర్ల బ్యాటరీలతో వచ్చింది. జపాన్‌లో 2022లో వచ్చిన నిస్సాన్ సకురాకి 20 కిలోవాట్ అవర్లు, ఒక ఛార్జికి 180 కిలోమీటర్లు. ఈ అంకెలు చూసి నవ్వేవాళ్లున్నారు. రోజుకి 40 కిలోమీటర్లు తిరిగే ఇంటికి 180 చాలా ఎక్కువ. చిన్న బ్యాటరీ కాబట్టి ధర తక్కువ, బరువు తక్కువ, రాత్రికి మామూలు సాకెట్‌తో నిండిపోతుంది. ఇంట్లో రెండు కార్లున్నవాళ్లు రెండోదాన్ని ఇలాంటిదిగా మార్చుకుంటే ఎక్కువ తిరిగే కారు అదే అయిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కూడా ఈ లెక్కని మార్చేస్తుంది. మూడేళ్ల హైబ్రిడ్ కొత్త చిన్న కారు ధరకి దొరికితే 5,000 లీటర్ల తేడా మాయమైపోతుంది, ఇక హైబ్రిడ్ తీసుకోవడమే మేలు. పాత ఎలక్ట్రిక్ కొనేటప్పుడు మాత్రం మీటర్లో కనిపించే రేంజిని నమ్మకండి, అది పాత యజమాని నడిపిన తీరుని బట్టి మారుతుంది. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో సర్వీస్ సెంటర్‌లో రిపోర్ట్ తీయించుకోండి. నిండా ఛార్జ్ చేయించి, 50 కిలోమీటర్లు నడిపి ఎంత శాతం తగ్గిందో మీరే చూడండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఇన్ని చెప్పాక ఎవరికి ఏది అంటే, నెలకి 700 కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకి భద్రత ఉన్న చిన్న పెట్రోల్ కారు, కళ్లు మూసుకుని. సొంత ప్లగ్ పాయింట్ ఉండి 1,200 దాటి తిరిగేవాళ్లకి చిన్న ఎలక్ట్రిక్. ప్లగ్ లేదు, ట్రాఫిక్‌లో బాగా తిరగాలి, పెద్ద కుటుంబం, ఎలాగూ పెద్ద కారే కావాలి అన్నవాళ్లకి హైబ్రిడ్. మధ్యలో ఉన్నవాళ్లు లీటర్ల లెక్క వేసుకోవాల్సిందే, నా మాట మీద కొనొద్దు.

ఇప్పటికే నడుస్తున్న చిన్న కారు ఇంట్లో ఉన్నవాళ్లు ఈ నెల ఒకటో తారీఖున మీటర్ రీడింగ్ రాసి పెట్టుకోండి. ట్యాంక్ నిండా పోయించి, మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టాయో దాని పక్కనే రాయండి. మూడు నెలలయ్యాక ఆ కాగితం తీసుకుని షోరూంకి వెళ్లండి.